కొండ దిగిన సైకిలు

తెనాలి నుంచి ఏ దిక్కున బయల్దేరి పది కిలోమీటర్లు పోయినా ఎక్కడానికి కొండ దొరకదు. ఊరి మధ్య నుంచి పారే మూడు కాలవలు, వాటి కట్టలు, కట్టల కింద మాగాణి. ఒక పక్క బాపట్ల దాటితే సూర్యలంక ఇసుక, ఇంకో పక్క రేపల్లె దాటితే పెనుమూడి దగ్గర కృష్ణమ్మ. ఇంత చదును నేలలో సైకిలు షాపుల ముందు వరసగా నిలబెట్టిన బళ్లు మాత్రం కొండల కోసం పుట్టినవి. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, చక్రం మధ్యలో మెరిసే డిస్కు, ఇరవయ్యొక్క గేర్లు. కొనుక్కోవడానికి వచ్చిన కుర్రాడు గేర్లు లెక్కపెడతాడు. పక్కనున్న నాన్న ధర అడుగుతాడు. ఈ సామానులో మన దారికి అక్కరకొచ్చేదేదో, అలంకారమేదో ఇద్దరికీ తెలియదు. చాలాసార్లు షాపాయనకూ తెలియదు.

తెలియాలంటే ఆ సైకిలు కథ వినాలి. దాన్ని ఎవరో ఒక ఇంజినీరు కూర్చుని మొత్తంగా గీసిపెట్టలేదు. ఒక్కో మనిషి ఒక్కోచోట పడ్డ తిప్పలకు జవాబుగా ఒక్కో భాగం వచ్చి చేరింది. ఎవరికి ఏ తిప్పలొచ్చి ఏది పుట్టిందో తెలిస్తే, అవి మన కాలవ కట్ట మీదా ఉన్నాయో లేవో మనమే చూసుకోవచ్చు.

మొదటి తిప్పలు కుదుపు. తొలినాళ్ల సైకిళ్లకు గట్టి రబ్బరు చక్రాలుండేవి. రాళ్లు పరిచిన వీధిలో నడిపితే ఒళ్లు హూనం. 1888లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండికి రబ్బరు గొట్టం చుట్టి, దాంట్లో గాలి నింపి చూశాడు. అంతకు నలభై ఏళ్ల ముందే రాబర్ట్ థామ్సన్ ఇదే ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు గానీ, అప్పటికి సైకిళ్లు జనంలోకి రాలేదు, అడిగినవాళ్లు లేరు. డన్‌లప్ చేతికి వచ్చేసరికి కాలం కలిసొచ్చింది. ఇవాళ షాపు ముందు పంపుతో గాలి కొట్టించుకునే ప్రతి బండీ ఆ పశువుల డాక్టరుకు రుణపడే ఉంది.

కుదుపు తగ్గింది. బురద మిగిలింది. 1897 జూన్ 14న అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, ఫోర్ట్ మిసూలా అనే సైనిక స్థావరం నుంచి ఇరవై మంది నల్లజాతి సైనికులు లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ వెంట సైకిళ్ల మీద సెయింట్ లూయిస్ నగరానికి బయల్దేరారు. దూరం 1,900 మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్ల పైమాటే. గుర్రానికి మేత కావాలి, నీళ్లు కావాలి, సైకిలుకు ఏమీ అక్కర్లేదన్నది మాస్ వాదన. వానలు పడ్డాయి. అక్కడి జిగట మన్ను టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వలేదు. సైనికులు సైకిళ్లను భుజాన వేసుకున్నారు, రైలు పట్టాల మధ్య స్లీపర్ల మీద నడిపించుకుంటూ పోయారు. జులై 24న సెయింట్ లూయిస్ చేరారు. జనం చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం రావడంతో సైన్యం ఈ సైకిలు దళం సంగతే మరిచిపోయింది.

నాట్ల రోజుల్లో నల్లరేగడి డొంకలో సైకిలు నడిపినవాళ్లకు ఈ కష్టం విడమరిచి చెప్పనక్కర్లేదు. మడ్‌గార్డు కింద మన్ను గట్టిపడి చక్రం బిగుసుకుంటుంది. కట్ట మీద తుమ్మపుల్ల విరుచుకుని గీకాలి, నాలుగడుగులు నడిపించాలి, మళ్లీ గీకాలి. మాస్ దళం తిప్పలు ఒక సంగతి మాత్రం తేల్చాయి. రోడ్డు వదిలే బండికి టైరు చుట్టూ చోటు ఉండాలి. ఆ పాఠం ఎవరూ రాసిపెట్టుకోలేదు.

తర్వాతి భాగం తెలియకుండానే వచ్చి చేరింది. 1933లో, ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపేస్తున్నప్పుడు, చికాగోలోని ష్విన్ కంపెనీ పిల్లల కోసం ఒక మొరటు సైకిలు తెచ్చింది. 26 అంగుళాల చక్రం, రెండంగుళాలకు పైగా లావున్న టైరు, ఎంత మోటుగా వాడినా విరగని ఫ్రేము. పేపర్లు వేసే కుర్రాళ్లు వాటిని తెగ తొక్కారు. పెద్దయ్యాక కార్లు కొనుక్కుని సైకిళ్లను కొట్టాల్లో పడేశారు. ఆ టైరే ఈ కథకు విత్తనం. మొలకెత్తడానికి నలభై ఏళ్లు పట్టింది.

మధ్యలో ఇద్దరు ముగ్గురు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయారు. 1950ల మొదట్లో పారిస్ చుట్టుపక్కల కొందరు కుర్రాళ్లు సైకిళ్లను మార్చుకుని మట్టి దిబ్బల మీద పందేలు వేసుకున్నారు. కొన్నేళ్లకు ఎవరి దారిన వాళ్లు పోయారు. 1953లో కాలిఫోర్నియాలో జాన్ ఫిన్లీ స్కాట్ అనే విద్యార్థి ష్విన్ ఫ్రేముకు లావు టైర్లు, అడ్డంగా నిటారుగా ఉండే హ్యాండిల్, గేర్లు, మంచి బ్రేకులు బిగించి అడవిలోకి తీసుకుపోయాడు. ఇవాళ మనం కొండ సైకిలు అనుకునేదంతా దాదాపుగా ఆ ఒక్క బండిలో ఉంది. చూసి, నాకూ కావాలి అన్నవాడు మాత్రం లేడు. స్కాట్ తప్పు ఏమీ లేదు, పక్కన స్నేహితుల గుంపు లేదు, అంతే. కొత్త వస్తువు నిలబడాలంటే కనిపెట్టినవాడితో పాటు దాన్ని చూసి పోటీ పడేవాడూ ఉండాలని ఈ కథ పదేపదే చెబుతుంది.

ఆ గుంపు 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీలో దొరికింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ. ముగ్గురూ సన్నటి టైర్ల రేసు సైకిళ్లు తొక్కేవాళ్లు. ఫిషర్‌ను జుట్టు పొడుగ్గా పెంచాడని ఒక దశలో పోటీల నుంచి పక్కన పెట్టారు. కెల్లీ ఒక రాక్ సంగీత బృందానికి సామాను మోసే పనిలో ఉండేవాడు. వీళ్లు పాత సామాన్ల దుకాణాల్లో, కొట్టాల్లో తుప్పుపట్టి పడున్న ష్విన్ సైకిళ్లను కారు చవగ్గా కొని, మడ్‌గార్డులూ బరువు సామానూ ఊడబెరికి, కొండ మీదికి తోసుకుంటూ తీసుకెళ్లి కిందికి దూకించేవాళ్లు. పైకి తోసుకుంటూ వెళ్లడం అక్షరాలా నిజం. బండి బరువు ఇరవై కిలోల దాకా, గేరు ఒక్కటే. ఎక్కడం అసాధ్యం.

ఫెయిర్‌ఫ్యాక్స్ అనే ఊరి దగ్గర పైన్ మౌంటెన్ మీద అగ్నిమాపక బళ్ల కోసం వేసిన మట్టి రోడ్డు ఉంది. సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరంలో 1,300 అడుగులు కిందికి దిగుతుంది. మలుపులు, గులకరాళ్లు, వాన నీళ్లు తవ్విన గాళ్లు. 1976 అక్టోబరు 21న అక్కడ తొలి పందెం జరిగింది. పైన ఒక గడియారం, కింద ఒక గడియారం పెట్టి, ఒకరి తర్వాత ఒకరిని వదిలారు. అలన్ బాండ్స్ గెలిచాడు. తర్వాత ఫిషర్ ఆ దిగుడును 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, బ్రీజ్ 4 నిమిషాల 24 సెకన్లలో. ఆ రెండు సెకన్ల తేడా మీద వాళ్లు ఎన్నేళ్లు మాట్లాడుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ పాత బండి వెనక చక్రం ఇరుసును కాస్త దగ్గరగా చూడాలి. దానికి చేతి బ్రేకు లేదు. పెడల్‌ను వెనక్కి తొక్కితే ఇరుసు గూడు లోపల లోహపు రేకులు విచ్చుకుని గోడకు రాసుకుంటాయి, చక్రం ఆగుతుంది. రాపిడి తగ్గడానికి లోపలంతా గ్రీజు కూరి ఉంటుంది. పేపరు కుర్రాడికి ఇది చాలు. 1,300 అడుగులు దిగేవాడికి చాలదు. సగం దిగేసరికి ఇరుసు చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. గ్రీజు కరిగి, మరిగి, పొగై పోయేది. అడుగుకు చేరేసరికి వెనక పొగ చార, కాలిన నూనె వాసన. మళ్లీ దిగాలంటే ఇరుసు ఊడదీసి, బాల్సు తుడిచి, కొత్త గ్రీజు కూరి బిగించాల్సిందే. మళ్లీ మళ్లీ గ్రీజు కూరించిన ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరే పడిపోయింది. ఇవాళ మన షాపులో కనిపించే డిస్కు బ్రేకుకు తాత ఆ పొగే.

గేర్ల జవాబు కొండ మీద దొరకలేదు. రీప్యాక్ పందేలకు ముందే, అనుకోకుండా ఒక పందెంలో దొరికింది. 1974 డిసెంబరు 1న మారిన్‌లోని మిల్‌వ్యాలీలో సైక్లోక్రాస్ పోటీ జరిగింది. బురదలో, గడ్డిలో సన్నటి టైర్లతో తొక్కే పోటీ అది. దక్షిణాన కుపర్టినో నుంచి కొందరు కుర్రాళ్లు విచిత్రమైన బళ్లతో వచ్చారు. లావు టైర్లు, ఫ్రేము పాతదే, కానీ వెనక చైను ఒక పళ్ల చక్రం మీంచి ఇంకో పళ్ల చక్రం మీదికి దూకుతోంది. హ్యాండిల్ మీద బొటనవేలితో నెడితే గేరు మారుతోంది, బ్రేకులు డ్రమ్ములు. రస్ మాహన్ అనే కుర్రాడు ఈ మార్పు మొదలుపెట్టాడట. తమను మారో డర్ట్ క్లబ్ అని పిలుచుకునేవాళ్లు. ఆ రోజు పోటీ చేసి వెళ్లిపోయారు, మళ్లీ మారిన్ వైపు రాలేదు. చూసినవాళ్లలో ఫిషర్, బ్రీజ్, కెల్లీ ఉన్నారు. కుపర్టినో ఇవాళ మన తెలుగు కుటుంబాలు బోలెడన్ని ఉన్న ఊరు. అక్కడి పిల్లలు బడికి తొక్కుకెళ్లే గేర్ల సైకిళ్ల వెనక ఆ ఊరి కుర్రాళ్లే ఉన్నారన్న సంగతి ఎంతమందికి తెలుసో.

ఫిషర్ ఆలస్యం చెయ్యలేదు. పాత ష్విన్‌కు గేర్లు బిగించాడు. ఇద్దరు కూర్చుని తొక్కే సైకిలు నుంచి డ్రమ్ము బ్రేకు, మోటారు సైకిలు నుంచి బ్రేకు పిడి. బండి బరువెక్కింది గానీ తొలిసారిగా కొండను తొక్కుతూ ఎక్కడం కుదిరింది. ఆట తీరే మారిపోయింది. తోసుకుంటూ పోయి దూకేవాళ్లు ఇప్పుడు ఎక్కడికి కావాలంటే అక్కడికి పోగలరు.

ఇక మిగిలింది ఫ్రేము. నలభై ఏళ్ల పాత ఇనుము ఎంతకాలం ఓర్చుకుంటుంది? దూకిన చోటల్లా పగిలేది, వంగేది. బ్రీజ్‌కు ఫ్రేములు చెయ్యడం వచ్చు. కెల్లీ అడిగితే ఒప్పుకుని 1977లో పూర్తిగా కొత్త గొట్టాలతో, క్రోమియం మాలిబ్డినం కలిసిన ఉక్కుతో, కొండ కోసమే ఒక సైకిలు చేశాడు. పాత ష్విన్ ఏ కోణంలో వంగి ఉండేదో ఆ కోణాన్ని మాత్రం ముట్టుకోలేదు. ముందు చక్రం కాస్త ముందుకు చాచి ఉండటం వల్ల దిగుడులో మనిషి హ్యాండిల్ మీంచి తలకిందులుగా పడడని ఆ పాత బండే నేర్పింది. నికెల్ పూత పూసిన ఆ మొదటి బ్రీజర్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1977 అనగానే రేపల్లె, దివిసీమ జనానికి నవంబరు 19 రాత్రి ఉప్పెన తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. ఆ ఏడాదే అటు సముద్రాల అవతల ఈ చిన్న పని జరిగింది.

తర్వాతి పదేళ్లు వేగంగా నడిచాయి. 1979లో ఫిషర్, కెల్లీ చిన్న దుకాణం తెరిచి, టామ్ రిచీ చేసిన ఫ్రేములకు సామాను బిగించి అమ్మారు. ఆనాడు ఎవరూ పట్టించుకోని జాన్ ఫిన్లీ స్కాట్ వాళ్లకు పెట్టుబడి పెట్టాడు, ఇది నాకు చాలా ఇష్టమైన మలుపు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ను జపాన్‌లో చేయించి అందరికీ అమ్మకానికి పెట్టింది. 1982లో జపాన్ కంపెనీ షిమానో ‘డియోర్ ఎక్స్‌టీ’ పేరుతో కొండ సైకిలు కోసమే గేర్లు, బ్రేకులు చేసింది. అప్పటిదాకా ఫ్రాన్స్ టూరింగ్ సైకిలు నుంచి ఒకటి, మోటారు సైకిలు నుంచి ఇంకోటి ఏరుకొచ్చి అతుకుపెట్టినవాళ్లకు మొదటిసారిగా ఒకదానికొకటి సరిపోయే సామాను దొరికింది. కొన్నేళ్లకు గేరు ‘టక్’మని శబ్దం చేసి తన స్థానంలో తానే కూర్చునే ఏర్పాటు వచ్చింది. అంతకు ముందు చెవితో విని, వేలితో సర్దుకోవాల్సి వచ్చేది.

ఫోర్కులో స్ప్రింగు కథ కూడా ఇక్కడే వినాలి, ఎందుకంటే మన షాపుల్లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది దాని మీదే. మోటోక్రాస్ అనే మట్టిదారి పందేల మోటారు సైకిళ్ల దగ్గర మెకానిక్‌గా పనిచేసిన పాల్ టర్నర్ 1989లో ‘రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1’ అనే ఫోర్కు చేశాడు. లోపల గాలి కుషను, దాంతోపాటు సన్నటి దారుల గుండా పారే నూనె. గాలి దెబ్బను మింగుతుంది, నూనె ఆ ఎగురుడును ఆపుతుంది. బరువని నవ్వినవాళ్లున్నారు. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు జరిగితే, దిగుడు పందెంలో ఆ ఫోర్కుతో గ్రెగ్ హెర్బోల్డ్ గెలిచాడు. నవ్వు ఆగిపోయింది. 1996 నాటికి ఈ ఆట అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్లింది.

టర్నర్ ఫోర్కులో నూనె ఉంది. చవక సైకిళ్ల ఫోర్కులో చాలావరకు స్ప్రింగు మాత్రమే ఉంటుంది, నూనె ఉండదు. గొయ్యిలో పడితే దిగుతుంది, వెంటనే అంతే జోరుగా పైకి తంతుంది. నిలబడి తొక్కితే మన బలంలో కొంత కిందికీ పైకీ ఊగడానికే ఖర్చు. పైగా కిలోల బరువు. షాపులో హ్యాండిల్ పట్టుకుని ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదలండి. నెమ్మదిగా లేస్తే మంచిదే. బంతిలా ఎగిరితే అది అలంకారం.

ఇప్పటిదాకా చెప్పిందంతా బండి కథ. మనిషి తల కథ వేరు, అది ఇంకా నెమ్మదిగా నడిచింది.

1935 మే 13న ఇంగ్లండ్‌లో ఒక పల్లె రోడ్డు మీద మోటారు సైకిలుపై వెళుతున్న ఒకాయన, ముందు సైకిళ్ల మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడిపోయాడు. ఆయన టి.ఇ. లారెన్స్, అరేబియా లారెన్స్‌గా లోకమంతటికీ తెలిసినవాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు మృత్యువుతో పోరాడి చనిపోయాడు. చూడ్డానికి పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆ చావు ఆయన్ను వదల్లేదు. యుద్ధం మొదలయ్యాక సైన్యంలో వార్తలు మోసే మోటారు సైకిలు సైనికుల ప్రమాదాల లెక్కలు తీశాడు. దేశం రోడ్ల మీద చనిపోయిన మోటారు సైకిలు సవారులు వేలల్లో ఉన్నారు. హెల్మెట్ పెట్టుకుని తలకు దెబ్బ తగిలించుకున్నవాళ్లు ఆయన దృష్టికి వచ్చింది ఏడుగురు. ఆ ఏడుగురూ బతికారు. 1941లో ఈ సంగతి వైద్య పత్రికలో రాశాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

గట్టి టోపీ ఉంటే చాలా? చాలదని తర్వాత తేలింది. గట్టి డిప్ప పుర్రె పగలకుండా ఆపుతుంది గానీ, లోపల మెదడు వెళ్లి పుర్రెకు కొట్టుకోకుండా ఆపలేదు. 1953లో అమెరికా ప్రొఫెసర్ చార్లెస్ లాంబర్డ్ తదితరులు పేటెంటు తీసుకున్న హెల్మెట్‌లో కీలకం లోపలి నురుగు పొర. దెబ్బ తగిలితే ఆ పొర నలుగుతుంది. నలిగే ఆ క్షణంలోని చిన్న భాగమే తల ఆగడానికి దొరికే గడువు. ఆ గడువు ఎంత పెరిగితే మెదడుకు అంత మేలు. 1956లో పీట్ స్నెల్ అనే కారు రేసు పోటీదారు హెల్మెట్ ఉండి కూడా తల గాయంతో చనిపోయాడు. స్నేహితులు మరుసటి ఏడాది ఆయన పేరుతో స్నెల్ ఫౌండేషన్ పెట్టి, హెల్మెట్లను బండకేసి కొట్టి పరీక్షించడం మొదలుపెట్టారు. పెట్టుకున్నామన్న ధైర్యం వేరు, పరీక్షకు నిలబడిన హెల్మెట్ వేరు అని ఆ చావు నేర్పింది.

ఇంత జరిగినా సైకిలు తొక్కేవాళ్లు మాత్రం తోలు పట్టీలతో అల్లిన వలలాంటిదాన్నే నెత్తిన పెట్టుకుని తిరిగారు. చెమటకు తడిసి, ఎండకు ఎండి, పడ్డప్పుడు చర్మం గీసుకుపోకుండా మాత్రం కాపాడేది. రీప్యాక్ కొండ మీద దూకిన కుర్రాళ్లలో చాలామంది జీన్సు ప్యాంట్లు, బూట్లు, చేతికి తొడుగులతో దిగారు, తలకు మాత్రం ఏమీ లేదు. 1975లో బెల్ కంపెనీ ‘బెల్ బైకర్’ పేరుతో సైకిలు కోసమే ఒక హెల్మెట్ తెచ్చింది. పైన గట్టి ప్లాస్టిక్ డిప్ప, లోపల టీవీ డబ్బాలో మనం చూసే థర్మోకోల్. అదే పదార్థం, కాస్త దట్టంగా పోసింది. చౌక, తేలిక, నలగడంలో దాన్ని మించింది లేదు. ఒక్కసారే నలుగుతుంది, అదొక్కటే చిక్కు. నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు.

చివరి మెట్టు స్వీడన్‌లో పడింది. 1990ల్లో హాన్స్ వాన్ హోల్స్ట్ అనే మెదడు సర్జన్ పడినవాళ్లను చూసి చూసి ఒక సంగతి పట్టుకున్నాడు. పరీక్షల్లో హెల్మెట్‌ను నిట్టనిలువుగా కింద పడేస్తారు. మనిషి అలా పడడు. వాలుగా పడతాడు, తల మెలి తిరుగుతుంది. ఆ మెలికే మెదడుకు ఎక్కువ చేటు. పీటర్ హాల్డిన్ అనే ఇంజినీరుతో కలిసి హెల్మెట్ లోపల కాస్త జారే పలచటి పొర పెట్టాడు. దెబ్బ తగిలినప్పుడు డిప్ప తల మీద ఒక సెంటీమీటరు దాకా జారి ఆ మెలికను తగ్గిస్తుంది. లోపల పసుపు రంగు చుక్కతో ‘మిప్స్’ అని రాసి కనిపించేది అదే.

ఇసుక సంగతి ఒకటి మిగిలింది, సూర్యలంక కోసం. అమెరికాలోని న్యూమెక్సికో ఎడారి ఇసుక దిబ్బల మీద తొక్కడానికి రే మోలినా అనేవాడు మూడున్నర అంగుళాల టైర్లు చేయించాడు. అలాస్కాలో మంచు మీద పందేలు వేసేవాళ్లకు అదే కావాల్సి వచ్చింది. ఎండలో ఇసుక, చలిలో మంచు, రెండూ చక్రాన్ని మింగేవే. ఆ అవసరాలు కలిసి, 2005లో సర్లీ కంపెనీ ‘పగ్స్‌లీ’ అనే బొద్దు టైర్ల సైకిలుగా దుకాణాల్లోకి వచ్చాయి. ఇప్పుడు మన కుర్రాళ్లు ముచ్చటపడే ‘ఫ్యాట్ బైకు’ దాని వారసుడే.

మన దేశంలో కథ వేరేగా నడిచింది. 1949లో మద్రాసులో టీఐ, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిళ్లు చెయ్యడం మొదలుపెట్టాయి. పెద్ద చక్రం, రాడ్ బ్రేకులు, వెనక క్యారియర్. పాల క్యాన్లు రెండు వైపులా తగిలించుకుని, బియ్యం బస్తా మీద మనిషిని కూర్చోబెట్టుకుని డొంకల్లో నడిచిన ఆ బండి ముందు కాలిఫోర్నియా ఆటలన్నీ తేలికే అనిపిస్తుంది నాకు. వానలో దాని బ్రేకు రబ్బరు రిమ్ము మీద జారిపోయేది, అది మాత్రం నిజం. తొంభైల్లో ‘రేంజర్’ లాంటి లావు టైర్ల బళ్లు వచ్చాయి. ఆకారం కొండ సైకిలుది, చాలావాటికి గేరు ఒక్కటే. అసలు సామాను ఉన్నవి ఆ తర్వాతే మన ఊళ్లకు వచ్చాయి.

ఇన్ని తిప్పల కథ విన్నాక తెనాలి షాపులోకి మళ్లీ వెళ్దాం. మన దగ్గర కొండ లేదు గనక ఇరవయ్యొక్క గేర్లు వృథా. ముందు ఒకే పళ్ల చక్రం, వెనక ఏడో ఎనిమిదో ఉంటే కాలవ కట్టకూ, ఎదురుగాలికీ సరిపోతుంది. సామాను తక్కువైతే బురద చిక్కుకునే చోట్లూ తక్కువే. ఉన్న గేర్లు గట్టిగా, మంచి కంపెనీవి కావడం ముఖ్యం. స్ప్రింగు ఫోర్కు అక్కర్లేదు. ఆ డబ్బు టైర్ల మీద పెట్టండి. రెండంగుళాలు దాటిన టైరు, దూరంగా ఉన్న గట్టి పళ్లు, టైరుకీ ఫోర్కుకీ మధ్య వేలు ఆడేంత చోటు. మాస్ సైనికులకు దొరకనిది అదే. బ్రేకు డిస్కుదైతే రిమ్ముకు పట్టిన రేగడి దాని జోలికి రాదు. చవక బళ్లలో కేబులు డిస్కు కూడా సరిగా బిగిస్తే బాగా పనిచేస్తుంది.

గాలి విషయంలో మన అలవాటు మారాలి. రాయిలా కొట్టించుకుని తిరగడం మనకు పరువు. ఈ టైర్లకు డొంకలో ముప్పై ముప్పై అయిదు పౌండ్లు చాలు, ఇసుకలోకి దిగేముందు ఇంకా తగ్గించాలి. సూర్యలంకలో పొడి ఇసుక మామూలు టైరును మింగేస్తుంది. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద మాత్రం హాయిగా సాగుతుంది. వారానికి రెండుసార్లు తీరానికి పోయేవాళ్లకు తప్ప ఫ్యాట్ బైకు దండగే. పాల కోసమో ట్యూషను కోసమో కూడా అదే బండి వాడాల్సినవాళ్లు అస్సలు కొనకండి.

ఫ్రేము కొలత చాలామంది చూడరు. బండి మధ్యలో నేల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడితే పై గొట్టానికీ మనకూ మధ్య రెండు మూడు అంగుళాలు ఖాళీ ఉండాలి. పిల్లాడు ఎదుగుతాడు కదా అని పెద్దది కొంటే వాడు ఎదిగేలోపు పడతాడు.

అన్నిటికన్నా ముందు హెల్మెట్ చూడండి, సైకిలు తర్వాత. మన మోటారు వాహనాల చట్టంలో సైకిలుకు హెల్మెట్ నిబంధన లేదు, కాబట్టి అడిగేవాళ్లు ఉండరు. ఇంట్లో ఉన్న మోటారు సైకిలు హెల్మెట్ దీనికి పనికిరాదు. బరువు, ఉక్క, మే నెలలో అది పెట్టుకుని పది నిమిషాలు తొక్కలేరు. సైకిలుది దాదాపు మూడు వందల గ్రాములే ఉంటుంది, గాలి ఆడే సందులుంటాయి. లోపల ‘ఈఎన్ 1078’ అనో ‘సీపీఎస్‌సీ’ అనో చీటీ ఉందో లేదో చూడండి, లేకపోతే ఆకారం ఎంత బాగున్నా వదిలేయండి. కనుబొమలకు రెండు వేళ్ల పైన అంచు రావాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రం దూరాలి. తల ఊపితే హెల్మెట్ తలతో పాటు ఊగాలి. పెట్రోలుతో తుడవొద్దు, థర్మోకోల్ కరిగిపోతుంది. ఒకసారి గట్టిగా పడితే పైకి గీత కూడా లేకపోయినా పారేసి కొత్తది కొనండి.

సముద్రం నుంచి తిరిగొచ్చిన రోజే బండిని మంచినీళ్లతో కడిగి, ఆరనిచ్చి, చైనుకు నూనె వేయండి. ఒక్క రాత్రి ఉప్పుగాలికి వదిలేసినా బాపట్ల తుప్పు ఖరీదు గేరునూ చవక గేరునూ ఒకేలా తింటుంది.